అద్దాల సేటు భయం

సేటు వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలనే పోయిండు బిడ్డా. భయపడనీకె టైమే దొరకలే ఆయనకు."

ఆ మాటకు నాకు ముందు నవ్వొచ్చింది. నేనిప్పుడు మిర్యాలగూడలో ఒక అద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తున్నాను. ఎదురుగా ఒక పెద్దాయన మిషను మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆయన ముందే నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను. ఆయన గడ్డం తీయకుండానే కంగారుపడి, "నా కండ్లల్ల ఏమన్న కనబడ్డదా అమ్మా?" అన్నాడు.

"మీ కళ్ళు బాగున్నాయి తాతా. నాకు తెలిసిన ఒక మనిషి పోయాడు," అన్నాను.

ఆ పోయిన మనిషిని సూర్యాపేటలో అందరూ అద్దాల సేటు అనేవాళ్ళు. నేను సేటు గారూ అనేదాన్ని. చదువు అయిపోయిన ఏడాది ఆయన కొట్లో చేరాను. రోజూ కోదాడ నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేదాన్ని. వాళ్ళది తరాలుగా వడ్ల వ్యాపారం చేసే కుటుంబం, అన్నదమ్ములందరికీ రైసు మిల్లులున్నాయి. ఈయనొక్కడే అద్దాల కొట్టు పెట్టుకున్నాడు. మిల్లు ఎందుకు పెట్టలేదండీ అని ఒకసారి అడిగాను.

"మిల్లుల బెల్టు తిరుగుతుంటది బిడ్డా. ధోతి అంచు తట్టుకున్నదనుకో, మనిషి లోపలికి పోతడు," అన్నాడు. ఆయన ధోతి కట్టగా నేను ఎన్నడూ చూడలేదు.

భయం ఆయనలో జీర్ణించుకుపోయిన గుణం. ఉరుము ఉరిమితే మెయిన్ ఆఫ్ చేసేవాడు, లోపల కుర్చీలో మనిషి ఉన్నా సరే. బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాడు కాదు, ఆఖరి సీట్లోనూ కూర్చునేవాడు కాదు. హైవే దాటాల్సి వస్తే, దాటే మనిషి ఇంకొకరు వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడేవాడు. వచ్చింది ముసలమ్మ అయితే ఇంకా మంచిది. ఆమెకు సాయం చేస్తున్నట్టు చెయ్యి పట్టుకొని, నిజానికి ఆమె సాయంతోనే తాను దాటేవాడు. అవతలికి చేరాక ఆ ముసలమ్మ "సల్లగుండు కొడుకా" అని దీవిస్తే, నిజంగానే ఆ దీవెన తనకు అవసరమన్నట్టు తల వంచేవాడు.

అన్నిటికంటే విచిత్రం, ఆయనకు కళ్ళంటే భయం. అద్దాలు అమ్మే మనిషికి కళ్ళంటే భయమేమిటని అందరూ నవ్వేవాళ్ళు. పెళ్ళికి ముందు అద్దాలు మానాలనుకునే ఆడపిల్లలు కంటిలోపల పెట్టుకునే లెన్సుల కోసం వచ్చేవాళ్ళు. నేను వాళ్ళకు పెట్టుకోవడం నేర్పిస్తుంటే, సేటు గోడవైపు తిరిగి నిలబడి, "అయిందా? అయిందా?" అని అడుగుతుండేవాడు. కంటికి వేలు తగలడం ఆయన చూడలేడు. అందుకే పరీక్ష పని నాది. ఫ్రేము, బేరం, ముఖానికి సరిపెట్టడం ఆయనవి.

అలాంటి మనిషికి కరోనా వచ్చిన ఏడాది ఎట్లా గడిచిందో మీరే ఊహించుకోండి.

ఆ ఎండాకాలం సూర్యాపేటలో భయం మా చుట్టుపక్కల ఊళ్ళకంటే ముందే మొదలైంది. మార్కెట్ దిక్కు గల్లీలకు కట్టెలు అడ్డం కట్టేశారు. మా కోదాడలో సూర్యాపేట పోయొచ్చిందంటే మనిషిని పక్కింటివాళ్ళు కూడా పలకరించేవాళ్ళు కాదు. మా అమ్మకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. టీవీలో ఆక్సిజన్ పెట్టుకున్న మనుషులను చూపించినప్పుడల్లా ఆమె ఏమీ మాట్లాడకుండా తన ఊపిరి మందు పంపు చేతిలోకి తీసుకునేది. నేను చూడనట్టు ఉండేదాన్ని.

కొట్టు మూసి ఉన్నా, సేటు నంబరు బోర్డు మీద ఉండేది కాబట్టి ఫోన్లు వస్తూనే ఉండేవి. అద్దాల కాడ విరిగిందని ఒకరు, అద్దం మీద కూర్చున్నానని ఒకరు. అందరికీ ఆయన ఒకే జవాబు చెప్పేవాడు. "సర్కారు తెరువుమన్నా నేను తెరువ. దారంతోని గట్టుకొని ఎల్లదీయిన్రి." ఆ తర్వాత నాకు ఫోన్ చేసి, ఎవరెవరు చేశారో అంతా చెప్పేవాడు. చివర్న "అమ్మకు దమ్మెట్లుంది?" అని అడిగేవాడు.

ఒకరోజు మోతె నుంచి ఒకాయన చేశాడట. ఆయన తల్లి అద్దాలు లాక్‌డౌన్ మొదట్లోనే పగిలాయి. చిన్న అక్షరం కనపడక, ఆమె మొగుడి బీపీ గోళీలను తన షుగరు గోళీలనుకొని మింగుతూ వచ్చింది. ఆ పొద్దున పొయ్యి దగ్గర పడిపోయింది. దవాఖానలో వేశారు. కొడుకు తిట్టలేదట, కొట్లాడలేదట. అమ్మ ఇంటికొచ్చేలోపు అద్దాలు చేసిస్తావా సేటూ అని మాత్రం అడిగాడట.

ఈ సంగతంతా సేటు నాకు ఫోన్లో చెప్పాడు. 

"బిడ్డా," అన్నాడు. "తెరిస్తే ఒక భయం, మూస్తే ఒక భయం. రెండిట్ల ఏది పెద్దదో నువ్వు జెప్పు."

"నాకూ తెలియదండీ."

"నువ్వైతే రాకు. అమ్మకు దమ్మున్నది. నేనే ఏదో ఒకటి జేస్త."

కళ్ళలోకి చూడలేని మనిషి పరీక్ష ఏం చేస్తాడు? బస్సులు మళ్ళీ తిరగడం మొదలుపెట్టగానే నేనూ బయల్దేరాను. అమ్మ వద్దనలేదు. గుమ్మం లోపల నిలబడి, "బస్సులో కిటికీ పక్కన కూర్చో," అని మాత్రం అంది.

కొట్టు చూసి ఆశ్చర్యపోయాను. ఎప్పుడూ సగం కూడా దించని షట్టరు భుజం ఎత్తు దాకా దించి ఉంది. దాని వెనక మందపాటి ప్లాస్టిక్ షీటు తెరలాగా వేలాడుతోంది. లోపలి కుర్చీలన్నీ ఫుట్‌పాత్ మీదికొచ్చాయి, ఒకదానికొకటి దూరంగా. సేటు ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకొని, చేతులకు గ్లవ్స్ తొడుక్కొని, తెర వెనక నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. ఒకరోజు మా కొట్టు తెరిస్తే ఒకరోజు పక్క కొట్టు తెరవాలని రూలు ఉండేది. మూసే రోజు వచ్చిందంటే ఆయన ముఖం వెలిగేది.

భయస్తుడు పెట్టిన రూళ్ళు కాబట్టి వాటిలో సందు ఉండేది కాదు. ఫోన్ చేయకుండా ఎవరూ రాకూడదు. లోపల ఒక్కరే. ఫ్రేములు వచ్చినవాళ్ళు ముట్టుకోకూడదు, తెర అవతల నుంచి వేలితో చూపిస్తే ఆయన తీసి ట్రేలో పెడతాడు. పెట్టుకొని చూసిన ఫ్రేము మళ్ళీ అల్మారాలోకి పోదు, సబ్బు నీళ్ళ టబ్బులోకి పోతుంది. స్పిరిటుతో తుడిస్తే ప్లాస్టిక్ ఫ్రేములకు రంగు పోతుందని మొదటి వారంలోనే తెలిసొచ్చింది. ఆరేసిన ఫ్రేములు దండెం మీద బట్టల్లాగా వరసగా ఉండేవి. అన్నిటికంటే కష్టమైన రూలు, ఆయన ఇక ఎవరి ముఖమూ ముట్టుకోడు. కాడలు బిగువైతే విప్పి ఇమ్మంటాడు, కడుగుతాడు, వంచుతాడు, మళ్ళీ ట్రేలో పెడతాడు. "ఇప్పుడెట్లుంది?" అని దూరం నుంచే అడుగుతాడు. రెండు నిమిషాల పని అరగంట పట్టేది. మొదటి జత మోతె ఆమెకే చేశాం.

అంతా కుదిరింది కానీ ఒక్కచోట చిక్కొచ్చింది. ఫ్రేము కొనే మనిషి అద్దంలో తన ముఖం చూసుకోవాలి. ముఖం చూసుకోవాలంటే మాస్కు తీయాలి.

"మూతి మూసుకుంటే ఈ జోడు నాకు మంచిగుంటదో లేదో ఎట్ల తెలుస్తది సేటూ?" అని మొదటి రోజే ఒకాయన మాస్కు గడ్డం కిందికి లాగాడు. సేటు గోడకు అతుక్కుపోయాడు. మర్నాడు చూస్తే, లోపల ఉండాల్సిన నిలువుటద్దం బయట కరెంటు స్తంభానికి తాడుతో కట్టి ఉంది. ఫ్రేము పెట్టుకొని బయటికి పోవాలి, అద్దం ముందు ఒక్కడే నిలబడాలి, మాస్కు తీసి చూసుకోవాలి, మళ్ళీ పెట్టుకొని రావాలి. కొన్ని రోజులకు ఆటోవాళ్ళు, పోలీసులు, దారిన పోయే ఆడవాళ్ళు అందరూ అక్కడ ఆగి, ఒక్కసారి మాస్కు దించి తమ ముఖాలు చూసుకొని పోయేవాళ్ళు. ఎన్నాళ్ళ నుంచో కలవని చుట్టాన్ని చూసినట్టు చూసుకునేవాళ్ళు.

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కానీ, పరీక్ష గదిలో నాకు నవ్వు వచ్చేది కాదు. చీకటి ఉండాల్సిన గది. తలుపు తీసే ఉంచినా గాలి ఆడేది కాదు. మాస్కులోంచి ఊపిరి పైకొచ్చి అద్దాలు మసకబారేవి, అక్షరాలు తప్పు చదివేవాళ్ళు. అందుకని ముక్కు మీద మాస్కు అంచుకు ప్లాస్టరు అంటించుకోమనేవాళ్ళం. ఒకరోజు ఒకాయన అక్షరాలు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. దగ్గు ఆపుకుంటున్నాడు. గొంతు ముడి పైకీ కిందికీ కదులుతోంది, కళ్ళనిండా నీళ్ళు. నేను ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉన్నాను. వెనక్కి జరిగితే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. జరగకపోతే, ఇంట్లో ఉబ్బసంతో మా అమ్మ ఉంది.

"పొరబోయిందమ్మా," అన్నాడాయన, అడగకుండానే. "అంతే. ఇంకేం లేదు."

ఆ సాయంత్రం ఇంటి వెనక పెరట్లో స్నానం చేశాను. అమ్మ తలుపు అవతల నుంచి అన్నం గిన్నె నేల మీద పెట్టి నెట్టింది. నేను తిన్నానో లేదో చీకటిపడేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

సేటుకు ఇంకో అలవాటు మొదలైంది. కరోనా వస్తే వాసన పోతుందని ఎవరో చెప్పారు. జేబులో చిన్న ఇంగువ డబ్బా పెట్టుకొని, గంట గంటకు కొట్టు వెనక్కి పోయి, మాస్కు దించి వాసన చూసుకునేవాడు. తిరిగొచ్చి నాతో "ఉన్నది" అనేవాడు. ఆ ఒక్క మాటతో మా ఇద్దరికీ ఇంకో గంట గడిచేది.

వానలు మొదలైన కొత్తలో ఆమె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఫోన్ చేయకుండా వచ్చి, ఫుట్‌పాత్ మీద కుర్చీల వరసకు కూడా దూరంగా, రోడ్డు అంచున నిలబడింది. చేతిలో ముడివేసిన పాలిథిన్ కవరుంది.

"మాది చిలుకూరు సేటూ," అంది అక్కడి నుంచే, గొంతు పెంచి. "మా ఆయనకు కరోనా వచ్చింది. ఇక్కడే పెద్ద దవాఖానలో ఉన్నాడు. నాకు లేదన్నారు. మంచం మార్చేటప్పుడు ఆయన అద్దాలు కిందపడి, ఎవరిదో కాలు పడింది. అవి లేకపోతే ఆయనకు తన చెయ్యి కూడా సరిగ్గా కనపడదు. ఎవరు వస్తున్నారో, ఏ మందు ఇస్తున్నారో తెలవట్లేదని ఫోన్లో ఏడుస్తున్నాడు. గేటు దగ్గర బతిమాలితే ఇవి తెచ్చిచ్చారు."

కావాలంటే ఆమె కరోనా సంగతి దాచగలిగేది. పగిలాయి చేసిపెట్టమంటే మేము చేసేవాళ్ళం. ఆమె దాచలేదు.

కుర్చీల్లో ఉన్న ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. పక్క బట్టల కొట్టాయన ఆ రోజు మూసి ఉన్నా సరుకు సర్దుకోవడానికి వచ్చి ఉన్నాడు. బయటికొచ్చి, "సేటూ, ఆ కవరు లోపలికి రావద్దు. వచ్చిందంటే ఈ లైనంత మూయిస్తరు. మా ఇంట్ల చిన్నపిల్లలున్నరు," అన్నాడు. అంటూనే రెండడుగులు వెనక్కి జరిగాడు.

సేటు వెనక్కి తిరిగి, అద్దాలు కోసే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను తెర ఇవతల, ఆమె రోడ్డు అంచున. సన్నటి తుంపర మొదలైంది. ఆమె కవరును కొంగు కిందికి తీసుకోబోయి, ఆగి, మళ్ళీ ఒంటికి దూరంగానే పట్టుకుంది.

సేటు ఇక బయటికి రాడనుకున్నాను. ఆమెకు ఏం చెప్పి పంపాలో మాటలు వెతుక్కుంటున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో సబ్బు నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో పట్టకారు. నీళ్ళు అంచుల మీంచి తొణుకుతున్నాయి.

"బిడ్డా, నువ్వు ఇంటికి పో," అన్నాడు నాతో.

"లెన్సు పవరు చూడాలి కదండీ."

"నేను జూస్త. కన్ను గాదుగదా, అద్దమే గదా. నువ్వు ఆ చివరికి పోయి నిలవడు. నేను నంబరు జెప్తుంట, నువ్వు లెన్సు ఎతుకు."

బకెట్టు ఫుట్‌పాత్ మీద పెట్టి వెనక్కొచ్చాడు. "కవరు ముడిప్పి అండ్ల ఎయ్యి అమ్మా. నువ్వు నీడకు కూసో. తడవకు," అని ఆమెకు చెప్పాడు. పక్క కొట్టాయనతో, "నువ్వు ఇంటికి పో తమ్మీ. రేపటి సంది నేనే మూస్త. రెండు వారాలు తెరువ. సరేనా?" అన్నాడు. ఆయన షట్టరు దించుకొని వెళ్ళిపోయాడు.

ఒక అద్దం సగం పగిలింది, ఇంకోటి పగుళ్ళతో నిలబడింది. సేటు పట్టకారుతో ఎత్తి, తుడిచి, పవరు చూసే మిషను మీద పెట్టి చూశాడు. కన్ను మిషనుకు ఆనించినప్పుడల్లా ఊపిరి బిగబట్టేవాడు, నంబరు చెప్పాక వదిలేవాడు. చాలా పెద్ద పవరు. పాత డబ్బాలన్నీ దించితే ఒక జత దొరికింది, సీసా అడుగంత మందం. వెనక గదిలో అద్దాలు కోసే మిషను తిరుగుతుంటే, అంత చప్పుడులోనూ ఆయన ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఏం జేస్తడమ్మా మీ ఆయన?"

"బోరు మోటర్లు బాగుచేస్తాడు సేటూ. వైండింగు."

"కరెంటు పనా?" అన్నాడు సేటు, బెదిరిపోయి. "దైర్నస్తుడే."

"ఇప్పుడా ధైర్యం లేదు సేటూ," అందామె.

పని అయ్యాక అద్దాలకు మెడ తాడు కట్టాడు, మళ్ళీ కింద పడకుండా. కొత్త కవరులో వేసి, ట్రేలో పెట్టి, ట్రే కుర్చీ మీద పెట్టి, వెనక్కి జరిగాడు. ఆమె తీసుకొని, నడవలేదు, పరుగెత్తింది.

సేటు అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. మాస్కు తడిసిపోయి ముఖానికి అంటుకుంది. "బిడ్డా," అన్నాడు. "నేను ఇయ్యాల సచ్చిపోయిన పో."

మర్నాటి నుంచి కొట్టు మూశాడు. ఇంట్లోవాళ్ళను ముట్టుకోకుండా మేడమీది గదిలో ఉన్నాడు. రోజూ పొద్దున నాకు ఫోన్ చేసి, ఇంగువ వాసన చూసుకొని "ఉన్నది" అని చెప్పేవాడు, అమ్మ సంగతి అడిగేవాడు. ఒకరోజు ఫోన్ ఎత్తితే "ఉన్నది" అన్న మాట రాలేదు.

"సేటు గారూ?"

"వస్తలేదు బిడ్డా."

 ఆ రోజు నేనూ ఆ కొట్లోనే ఉన్నాను. తలెత్తి చూస్తే అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను ఆమెకు దూరంగా గోడ వెనక్కి జరిగాను.

ఫోన్లో వెనక నుంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది, మెట్ల కింది నుంచి. "డబ్బ మూత రాత్రంత తీసే వెట్టినవు. వాసన దాంట్ల ఉంటే గద నీకు వచ్చేది. కొత్తది పంపుతున్న, ఆగు."

కొంతసేపటికి మళ్ళీ ఫోన్ వచ్చింది. "ఉన్నది," అన్నాడు సేటు. ఇద్దరం ఏడ్చాం. పెద్దవాళ్ళం ఏడుస్తున్నామని ఇద్దరికీ సిగ్గు కూడా అనిపించలేదు.

మాకెవరికీ రాలేదు. కొట్టు మళ్ళీ తెరిచాం. చిలుకూరు ఆమె నుంచి ఏ కబురూ లేదు. ఆయన ఏమయ్యాడో కనుక్కుందామని నేనంటే, సేటు వద్దనేవాడు. "తెల్వకుంటే బతికే ఉన్నడనుకోవచ్చు," అనేవాడు.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. ఎముకల మీద చొక్కా తగిలించినట్టున్నాడు. ఆ మందపాటి అద్దాలు చూసి నేను ముందే గుర్తుపట్టాను.

"చిలుకూరు మోటర్ల పనోణ్ణి సేటూ," అన్నాడు. సేటు అలవాటుకొద్దీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తగ్గిందా?"

"తగ్గింది." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు ఊపిరి తీసుకొని మాట్లాడాడు. "మీ అద్దాలు వచ్చేదాకా అంతా పొగలాగుండేది సేటూ. తెల్లగా ఎవరో వచ్చేవారు, పోయేవారు. పెట్టుకున్నాక అన్నీ కనపడ్డాయి. పెట్టుకోకపోతేనే బాగుండేదనిపించింది ఒక్కోసారి."

సేటు తల వంచుకున్నాడు.

"పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. అప్పటిదాకా ఆయన దగ్గు వినడమే. ఆ పొద్దున చూస్తే నోరు తెరుస్తున్నాడు, మాట రావట్లేదు. చెయ్యి మాత్రం గాల్లో తడుముతోంది. కేకేశాను. నర్సులు ఆ తెల్ల బట్టలన్నీ తొడుక్కొని రావాలి కదా, వచ్చేదాకా ఆ చెయ్యి నేను పట్టుకున్నాను."

"బతికిండా?"

"లేదు సేటూ."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. 

"భయం గాలే నీకు?" అన్నాడు సేటు.

"కాకేం. ఆయనదీ నాదీ రెండు చేతులూ వణికాయి. ఎవరిది ఎక్కువ వణికిందో చెప్పలేను." ఆయన అద్దాలు తీశాడు. "మనిషిని చిక్కాను కదా, ముక్కు మీద నిలవట్లేదు. జర బిగిస్తారా?"

మామూలుగా అయితే ట్రేలో పెట్టాలి. ట్రే పక్క స్టూలు మీదే ఉంది. కానీ అద్దాలు తీసేశాక ఆ మనిషికి స్టూలు కనపడలేదు. చేతిలో అద్దాలు పట్టుకొని, ఇంకో చేత్తో గాల్లో స్టూలు కోసం తడుముతున్నాడు.

నేను చెప్పబోయేలోపే సేటు ప్లాస్టిక్ తెర పక్కకు తీసి, షట్టరు కింద వంగి బయటికి వెళ్ళాడు. తడుముతున్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. "లే. లోపలికి రా. తల పైలం," అని, షట్టరు అంచు తగలకుండా తన అరచెయ్యి అడ్డం పెట్టి, ఆయన్ని లోపలికి తీసుకొచ్చి అద్దాల అల్మారా ముందు కూర్చోబెట్టాడు. కాడలు వంచాడు, ముక్కు దగ్గరి మరలు బిగించాడు, ఆయన చెవుల వెనక వేళ్ళు పెట్టి సరిచేశాడు. గ్లవ్స్ ఎప్పుడు తీసేశాడో నేను చూడలేదు.

మాస్కు లోపల సేటు పెదాలు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడో, నన్ను సబ్బు తెమ్మంటున్నాడో తెలియలేదు. నేను సబ్బు తీసుకొచ్చి పక్కన నిలబడ్డాను.